పసుపు పట్టీ నొక్కమన్న మనిషి

లియోనీ సురెట్ మా వృద్ధాశ్రమంలో ఆఫీసు పని చూసేది. నేను అక్కడే బట్టలుతికే విభాగంలో ఉండేదాన్ని. ఆమె గదికీ మా గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి, యంత్రాలు ఆగినప్పుడల్లా ఆమె కీబోర్డు చప్పుడు నాకు వినిపించేది. పొట్టి మనిషి. నవ్వితే గొంతులోంచి సన్నగా కీచుమని శబ్దం వచ్చేది. అది వినడం కోసమే ముసలాళ్ళు ఆమెను నవ్వించేవారు. నవ్వకూడదని ఆమె పెదవులు బిగించుకునేది గాని, ఎప్పుడూ ఆమె వల్ల కాలేదు.

పెళ్ళి చేసుకోలేదు. రేవు పైన రోడ్డు మలుపులో చిన్న ఇల్లు. గురువారం సాయంత్రాలు చర్చి హాల్లో పేకాట, ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు ఆశ్రమం. మా ఊరు కేప్ మొరోలో అందరి బతుకులూ దాదాపు అంతే.

ఆశ్రమంలో ప్రతి మనిషికీ పొద్దున్నే చీటీలు అంటించాలి. మందుల గిన్నెకొకటి, భోజనం పళ్ళానికొకటి, తాగే కప్పుకొకటి. పేరు, గది, ఏం తినొచ్చు, ఏం తినకూడదు. ఈ వివరాలన్నీ నర్సులు ఒక స్ప్రెడ్‌షీటులో రాసేవారు. చీటీలు అచ్చువేసే ప్రోగ్రాము మాత్రం వేరు, అది ప్రింటరుతో పాటు వచ్చింది. ఇందులో ఉన్నది అందులోకి ఒక్కొక్కటే చూసి కొట్టాలి. ఆ తొందరలో ఒకరి పేరు కింద ఇంకొకరి పథ్యం పడేది. ఒకసారి చక్కెర జబ్బున్న ముసలావిడ పళ్ళెంలోకి యాపిల్ పై అనే తీపి వంటకం వచ్చింది. ఆవిడ సంతోషంగా తినేసింది. పైగా ఎవరికీ చెప్పొద్దంది.

లియోనీకి అది నచ్చలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని, చలికాలమంతా కూర్చుని, ఆ షీటులోనే ఒక మాక్రో రాసింది. మాక్రో అంటే కంప్యూటరుకు వరుసగా చెప్పి పెట్టుకున్న పనులు. షీటులో ఒక బటన్ నొక్కితే చాలు, లోపలినుంచే అది ఆ రెండో ప్రోగ్రామును లేపి, పేర్లన్నీ దాని చేతికిచ్చి అచ్చు వేయించేది. మొదటిరోజు చీటీలు జరజరా బయటికి వస్తుంటే నర్సులందరూ ప్రింటరు చుట్టూ మూగారు.

"ఇదెలా చేశావే?" అంది ఇవెట్ బుద్రో. పగటి నర్సు, లియోనీకి పేకాటలో జోడీ.

"ఏముంది, మనం కూర్చున్నచోటి నుంచే పక్కింటివాళ్ళని కేకేసి పిలుస్తాం చూడు, అలాగ. ఇది కేకేస్తుంది, అది వస్తుంది."

"మరి ఈ పసుపు పట్టీ ఏంటి? ప్రమాదం అంటోంది."

షీటు తెరిచినప్పుడల్లా పైన ఒక పసుపు పట్టీ వచ్చేది. ఇందులో మాక్రోలున్నాయి, నమ్మకం ఉంటేనే అనుమతించండి అని. నొక్కకపోతే బటన్ పనిచేయదు.

"అది మామూలే. భయపడకు, నొక్కేయ్," అంది లియోనీ.

కొత్తగా ఎవరు చేరినా ఆమె పక్కన కూర్చోబెట్టుకుని అదే చెప్పేది. పసుపు పట్టీ వస్తే నొక్కేయండి. ఏళ్ళ తరబడి ప్రతి పొద్దునా మా ఆశ్రమంలో ఎవరో ఒకరు దాన్ని నొక్కుతూనే ఉన్నారు. చీటీలు ఒక్కరోజు కూడా తప్పు పడలేదు.

అల్సీడ్ అనే ముసలాయన ఉండేవాడు. జీవితమంతా సముద్రంలో పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్ల వేటలో గడిపినవాడు. పక్షవాతం వచ్చాక సరిగ్గా మింగలేకపోయేవాడు. పల్చటివి తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని ఆయన కప్పు మీద నీలం చీటీ ఉండేది. నీళ్ళయినా టీ అయినా పొడి కలిపి గంజిలా చిక్కగా చేసి ఇవ్వాలి. ఆయనకు అది పరమ అసహ్యం. లియోనీ మధ్యాహ్నం తన భోజనం ఆయన పక్కనే కూర్చుని తినేది.

"ఏమ్మాయ్, ఇది టీ కాదు. పడవ అడుక్కి పూసే తారు."

"తారు తాగినవాళ్ళెవరూ ఇంత గట్టిగా అరవరులెండి."

"నీ మిషనుకు చెప్పు, రేపు నాకు మామూలు టీ రాయమని."

"అది నర్సుల మాటే వింటుంది. నా మాట కూడా వినదు."

"నీ మాట వినకపోతే మరి నువ్వెందుకు కన్నావు దాన్ని?"

లియోనీ పెదవులు బిగించేది. కీచుమనే శబ్దం వచ్చేసేది. ముసలాయన గెలిచినట్టు చుట్టూ చూసేవాడు.

డిసెంబరులో లాబ్‌స్టర్ల వేట మొదలైంది. మగవాళ్ళంతా సముద్రం మీద, పిల్లలకు జ్వరాలు, పనికి వచ్చేవాళ్ళు తక్కువ. పనివాళ్ళను సమకూర్చే ఏజెన్సీ వాళ్ళు హాలిఫాక్స్ నగరం నుంచి తాత్కాలిక సహాయకుల్ని పంపారు. అలాంటి ఒక పొద్దున ఇవెట్‌కు ఒక మెయిల్ వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్లు పంపేవాళ్ళ పేరుతో, జత చేసిన ఫైలు చూడమని. తెరిచింది. పసుపు పట్టీ వచ్చింది. నొక్కింది.

దానిలోపలా ఒక మాక్రో ఉంది. అదీ లోపలినుంచి బయటి ప్రోగ్రామును పిలిచింది. వచ్చిన ఆ ప్రోగ్రాము ఆశ్రమంలోని కంప్యూటర్లన్నిటిలో ఉన్న ప్రతి ఫైలుకీ తాళం వేసుకుంటూ పోయింది. షీటు పోయింది, చీటీలు పోయాయి, మందుల వివరాలు పోయాయి. నకళ్ళు దాచిన డిస్కు కూడా అప్పుడు తగిలించే ఉంది కాబట్టి అదీ పోయింది. తెర మీద డబ్బు అడుగుతూ ఒక ప్రకటన మిగిలింది.

గోడ అవతల ఇవెట్ గొంతు వినిపించింది. "లియోనీ, ఇలా రా. నేనేం చేయలేదు. పట్టీ వస్తే నొక్కానంతే, ఒట్టు."

లియోనీ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడయింది.

ఆ రోజు నుంచి చీటీలు చేత్తో రాశారు. ఎక్కువ లియోనీయే రాసింది. పాత కాగితపు ఫైళ్ళు ముందు పెట్టుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు, నర్సుల చేత సరిచూయించి. అల్సీడ్ కప్పుకు నీలం కాగితం తనే కత్తిరించి టేపుతో అంటించింది. ఇదివరకటి చీటీలు నీళ్ళు తగిలినా ఊడేవి కావు. ఈ టేపు రెండు సార్లు కడిగేసరికి వదిలేసింది.

హాల్లో టీ బండి తోసుకొస్తున్న పిల్లకు, ఏజెన్సీ నుంచి వచ్చి అప్పటికి రెండో రోజే, ఆ కప్పు మీద ఏమీ కనిపించలేదు.

"టీ పోయనా తాతా?"

"పొయ్యి తల్లీ. వేడిగా, పల్చగా."

ఆయన తాగాడు. ఉతికిన దుప్పట్లు సర్దుతూ నేను ఆ హాల్లోనే ఉన్నాను. ఆ కప్పు చీటీ ఊడిన సంగతి అప్పుడు నాకు తెలియదు, ఆయన ముఖం మాత్రం చూశాను. కళ్ళు మూసుకుని, కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఎంతో హాయిగా తాగాడు. ఆ వెంటనే దగ్గు. దగ్గు ఆగలేదు. యార్మత్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. న్యుమోనియా అన్నారు. వారం తిరక్కుండానే పోయాడు.

అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో భోజనాలు. లియోనీ మా ప్రాంతపు వంటకం రాపీ పై చేసుకొచ్చింది. బంగాళాదుంపలు తురిమి, నీరంతా పిండేసి, కోడి ఉడికించిన వేడి రసం పోసి చేయడానికి రోజంతా పడుతుంది. పెద్ద పళ్ళెం బల్ల మీద పెట్టి గోడ వారగా నిలబడింది. వరుసలో వచ్చినవాళ్ళు పక్క పళ్ళేల్లోంచి వడ్డించుకుని ముందుకు జరుగుతున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను వడ్డించుకున్నాను, కానీ నన్నెవరు లెక్కపెడతారు.

చివరికి అల్సీడ్ కూతురు రోజలీ వచ్చి ఒక ముక్క తీసుకుంది. లియోనీ దగ్గరికొచ్చి, "నాన్నకు నువ్వంటే చాలా ఇష్టం. నీ తప్పేం లేదు. మనసులో పెట్టుకోకు," అంది.

"అలా అనొద్దు రోజలీ. నాలుగు తిట్లు తిట్టు."

"నిన్ను తిట్టేదేముంది?"

"తిట్టు. నీకు పుణ్యం ఉంటుంది."

రోజలీ ఆ ముక్క పట్టుకుని వెళ్ళిపోయింది. పళ్ళెం దాదాపు నిండుగానే ఇంటికి తిరిగెళ్ళింది.

జనవరిలో విచారణకు హాలిఫాక్స్ నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. భోజనాల హాల్లో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి అడిగాడు. "ఇలాంటి హెచ్చరిక వస్తే సాధారణంగా ఎవరైనా ఆగుతారు. ఇక్కడ ఎవరూ ఎందుకు ఆగరు?"

ఇవెట్ తల వంచుకుంది. మిగతావాళ్ళ తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

"నేనే నేర్పాను," అంది లియోనీ.

"మీ ఉద్దేశం మంచిదే."

"నా ఉద్దేశం ఎవరడిగారు? నొక్కండి అన్నాను. ఎందుకు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు."

ఆయన రాసిన నివేదికలో ఎవరి పేరూ లేదు. ఉద్యోగం నుంచీ ఆమెను తీసేయలేదు. కంప్యూటర్లు కొత్తవి వచ్చాయి. వాటిలో ఏ మాక్రో కూడా ఏ ప్రోగ్రామునూ లేపలేకుండా కట్టడి చేశారు. నర్సులు మళ్ళీ ఒక్కొక్క పేరే చూసి కొట్టడం మొదలుపెట్టారు. తప్పులు మళ్ళీ పడ్డాయి. పక్క గదిలో లియోనీ వాటిని వెతికి దిద్దుతూ కూర్చునేది. గోడకు ఇవతల నాకు కీబోర్డు చప్పుడు వినిపించేది. కొట్టడం, ఆగడం, చెరపడం.

గురువారం పేకాటకు ఆమె వచ్చింది. ఇవెట్ ఆ రోజు రాలేదు. తర్వాతి గురువారం వచ్చి వేరే బల్ల దగ్గర కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. జోడీ లేక లియోనీ కాసేపు చూసి కోటు వేసుకుంది. నేను వెనకే బయటికెళ్ళాను.

"ఉండవే, నేను ఆడతా నీతో."

"నీకు ఆట రాదుగా."

"నేర్పు."

"నేర్పడమా?" అంది. నా వైపు ఒక్క చూపు చూసింది. మంచులో దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వసంతం వచ్చేసరికి ఉద్యోగం మానేసింది. ఇల్లు అమ్మేసి దూరాన మాంక్టన్‌లో ఉన్న పిన్ని కూతురి దగ్గరికి చేరింది. హోటల్లో గదులు శుభ్రం చేస్తున్నానని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని ఫోనులో చెప్పింది. క్రిస్మస్‌కు మళ్ళీ ఫోను చేశాను. ఊరి సంగతులు చెబుతూ పోయాను. ఊఁ కొడుతూ వింది.

"ఇవెట్ ఇంకా నర్సు పనే చేస్తోందా?" అని మాత్రం అడిగింది.

"చేస్తోంది."

"నిద్ర పడుతోందా దానికి?"

"నాకేం తెలుసు లియోనీ. అడగలేదు."

"అడుగు. కుదిరితే అడుగు."

అడిగాను. ఇవెట్ నా ముఖం కూడా చూడకుండా, "నొక్కింది నేనే కదా," అని మందుల బండి తోసుకుంటూ పోయింది. ఆ మాట చెబుదామని మాంక్టన్‌కు తను ఇచ్చిన నంబరుకే ఫోను చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. లియోనీ అనే మనిషి అక్కడ లేదన్నాడు. ఎక్కడికెళ్ళిందో పిన్ని కూతురినీ అడిగాను, ఆమెకూ తెలియదట.