ఎర్ర ట్యాగు

గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పంపుల ఫిట్టరుగా పనిచేశాను. అక్కడ రిపేరుకు ఆపిన పంపుకు ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవాడే విప్పాలి. ఇంకెవడు విప్పినా ఉద్యోగం ఊడుతుంది. ఆ నియమాన్ని తెచ్చి సొంత గుండెకు తగిలించుకున్న తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

గుండెపోటు డ్యూటీలోనే వచ్చింది. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నడవమన్నాడు. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరిదాకా, ఆపైన రోజూ అరగంట. పడుకుంటేనే నష్టమని రెండుసార్లు చెప్పాడు. బుద్ధిమంతుడిలా తలూపాను.

నాలుగో రోజు మా గేటుదాకా నడిచాను. గుండె దడదడలాడింది. నడిస్తే ఎవడి గుండెయినా కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ రిపేరైన పంపు తిప్పీ తిప్పగానే మోత పెడితే ఏం చేస్తాం? వెంటనే ఆపేస్తాం. నేనూ గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. నా భార్య ఉరికి వచ్చింది. "ఇగ నువ్వు కదలకు. ఏం గావాలన్నా నేను తెస్త," అంది. అలా ట్యాగు కట్టింది. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి.

అప్పటినుంచి స్నానానికి నీళ్లు ఆమే తోడింది, కాళ్లకు చెప్పులు ఆమే తొడిగింది. నేను మంచం మీద కూర్చుని నాడి లెక్కపెట్టుకున్నాను. చూడవచ్చిన చుట్టాలు "జెర పైలం, ఊకె లేవకు" అని చెప్పి, చాయ్ తాగి పోయారు.

మూడు నెలలకు ఫ్యాక్టరీవాళ్లు పరీక్షకు పిలిచారు. రిపోర్టులన్నీ బాగున్నాయి. ఇక మెట్లెక్కి చూపించమన్నాడు అక్కడి డాక్టరు. నాలుగో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని ఆగిపోయాను. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఉత్త భయం.

"ఏందన్నా, గుండె మంచిగనే ఉంది గదా!" అన్నాడు.

రెయిలింగు వదలకుండానే కిందికి దిగాను. ఉద్యోగం పోయింది. దయదలచి నా భార్యను ప్యాకింగులో కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమే కంపెనీ బస్సుకు ఉరుకుతుంది, మోకాళ్ల నొప్పులతోనే. మొన్న టిఫిన్ డబ్బా మరిచిపోయింది. అది పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లాను. నెలల తర్వాత అంత దూరం నడిచాను, ఏమీ కాలేదు. ముప్పై అడుగుల అవతల ఆమె బస్సెక్కుతోంది. పరుగెత్తితే అందేది. పరుగెత్తలేదు. గట్టిగా కేకేయడానికి కూడా భయపడ్డాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. బస్సు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి డబ్బా తెరిచాను. రాత్రి మిగిలిన జొన్నరొట్టె, ఇంత కారం. పొయ్యి మీద నాకోసం ఉప్పు తగ్గించి వండిన కూర ఇంకా వేడిగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మధ్యాహ్నం ఆ కూరతోనే తిన్నాను.

సాయంత్రం ఆమె చెప్పులు విడవకుండానే నా పక్కన కూర్చుంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"బస్సు కిటికీలకెల్లి నిన్ను సూసిన. యాడ ఉరుకుతవో అని పానం ఆగినంత పనైంది. ఉరకలే, మంచిగ చేసినవ్," అంటూ నా ఛాతీ నిమిరింది.

నేను కళ్లు మూసుకుని నిమిరించుకున్నాను.