పడుగు మీది అదురు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, పిల్లలకు అలాంటివి నమ్మొద్దనే చెప్పాను. ఇది మాత్రం నాకే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

'అదురు' అనే మాటకు అర్థం అడిగితే వణుకు, కంపం అని రాయించేవాణ్ణి. కంపం సంస్కృతం నుంచి వచ్చింది. అదురు అచ్చ తెలుగు, కన్నడంలోనూ తమిళంలోనూ దానికి చుట్టాలున్నాయి. కన్ను అదురుతుంది, గుండె అదురుతుంది, అదురూ బెదురూ లేదంటాం. కానీ ఆ మాట నాకు మొదట నేర్పింది మా బాపు, అంటే మా నాన్న, నేను బడికి పోకముందే.

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. వెడల్పు జంపఖానాకు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పంజాతో, అంటే ఇనుప పళ్ల దువ్వెనతో, అడ్డంగా వేసిన పేకను కొడితే నిలువుగా బిగించిన పడుగు దారాలన్నీ అదురుతాయి. "దిక్కులు సూడకు. గా అదురు చేతికి తెలుస్తది. దాని ఎంబడే కొట్టు" అనేవాడు బాపు. ఆయనది రెండు గట్టి దెబ్బలు, ఒక చిన్న దెబ్బ.

డెబ్బయిల చివర నాకు హన్మకొండలో టీచర్ ట్రైనింగ్ సీటొచ్చింది.

"నా పక్కన ఎవరు కూసుంటరు రా?" అన్నాడు బాపు.

"ఎవరో ఒకరు కూసుంటరు" అన్నాను. నోటి దురుసు. నాలుగు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. అంతలో ఊపిరి అందక దవాఖానలో పడ్డాడు, అమ్మ ఆయన దగ్గరే ఉండేది.

ఒకరోజు ఆమెతో కబురు పంపాడు, మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది, నన్ను పూర్తి చెయ్యమని. మరునాడు అమావాస్య. ఆ రోజు మా వాడలో ఎవరూ మగ్గం ముట్టరు. నాకు అలాంటి పట్టింపుల్లేవు, అటూ ఇటూ జరుగుతూ ఒక్కణ్ణే నేద్దామని పొద్దున్నే కూర్చున్నాను. నేత ముగించి, సాయంత్రం దవాఖానకు వెళ్లి తప్పయిందని చెబుదామనుకున్నాను.

కాసేపటికి ఖాళీగా ఉన్న ఎడమ పక్క నుంచి పడుగు అదిరింది. రెండు గట్టివి, ఒకటి చిన్నది. నా చెయ్యి ఆపాను. అదురు ఆగలేదు. బయటికెళ్లి చూశాను, వాడంతా చడీచప్పుడు లేదు. తిరిగొచ్చి దాని వెంటే కొట్టాను. నిజం చెబుతున్నాను, భయం వెయ్యలేదు, సంతోషమే వేసింది. బాపు కోపం పోయిందనిపించింది. ఎంతసేపు నేశానో తెలియదు. ఎండ నడినెత్తికి రాకముందే ఒక్కసారిగా ఆగిపోయింది.

మధ్యాహ్నం మా మేనమామ సైకిల్ మీద వచ్చి, బాపు పోయాడని చెప్పాడు.

దినాలయ్యాక అమ్మ చెప్పింది. "పొద్దటిసంది మీ బాపు కుడిచెయ్యి మంచం మీద కొట్టుకున్నది రా. వణుకుతాందని నేనే గట్టిగ పట్టుకున్న. చెయ్యి ఆగింది. జరసేపటికి పాణం పోయింది."

మగ్గానికీ ఆ మంచానికీ మధ్య రెండు మైళ్లు. అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు, వెతికి వెతికి విసిగిపోయాను. ఆ చెయ్యి వణకలేదు, నా పక్కన కూర్చుని నేసింది అని అమ్మకు చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. దాన్ని పట్టుకుని ఆపింది తనేనని తెలిస్తే ఆమె తట్టుకోలేదు. పోయినేడు ఆమె కూడా వెళ్లిపోయింది. చెప్పలేదు.