కెమెరా దీపం మీద నల్ల బొట్టు

"రెప్పపాటులో పడతదంటివి! పడిందేంది మస్తానూ, మా అమ్మాయి మొహమా, పొగా?"

"అన్నా, ఆ చీకట్లో మిషను ఫోకసు పట్టలా. ముందుకీ ఎనక్కీ కొట్టుకుంటానే ఉంది. తాళి కట్టేటప్పుడు నేనే చేత్తో తిప్పి తీశా. అది చూడు, ఎట్టా వచ్చిందో!"

"అంటే తప్పు మిషనుది, నీది కాదు! కొత్త కెమెరా పట్టుకోటం రానోడివి, పారన్నా పట్టుకోపోయావా?"

మస్తాను ఫోటోలు ముందేసుకుని అరుస్తున్న మా అబ్బాయిని వదిలి, నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నా పక్కనే కూచున్నావుగా. నువ్వు చెప్పు."

"పెళ్లి హడావిడిలో నేనేం చూశాన్రా," అన్నాను.

ఆ ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్లకైతేనే చెప్పగలనేమో. నేను చదివింది మూడో తరగతి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మస్తాను శావల్యాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ ఫోటోలు తీసినవాడు. పాత కెమెరా ముందున్న చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పేవాడు, ఫోటోలో మనిషి మెరిసిపోయేది. మా పెద్ద మనవరాలి పెళ్లికి కొత్త రకం కెమెరా కావాలని మావాడు పట్టుబడితే, పాపం అద్దెకు తెచ్చాడు. అది మనిషిని దానంతటదే పట్టుకుంటుందట.

తెల్లవారుజాము ముహూర్తం. వీడియో లైట్లు దండగని వద్దన్నది నేనే. మీట నొక్కినప్పుడల్లా కెమెరా ముందున్న చిన్న ఎర్రదీపం వెలిగి పిల్ల నుదుటి మీద పడుతోంది. నాకు దిష్టిలా అనిపించింది. మస్తాను కెమెరాను కుర్చీలో పెట్టి మంచినీళ్లకు వెళ్లినప్పుడు, నల్ల స్టిక్కర్ బొట్టు ఒకటి ఆ దీపం మీద అంటించాను.

జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కెమెరా జుయ్ జుయ్ మంటూ తడుముకుంది. చీకట్లో ఆ దీపం వెలుగుతోనే అది మనిషిని వెతుక్కుంటుందని నాకేం తెలుసు? మస్తాను చెమటలు కక్కుతూ ఏదో మార్చి, పాత పద్ధతిలో చేత్తో తిప్పాడు. తాళి ఫోటో దక్కింది. ముహూర్తం ఫోటో పోయింది. అతను కెమెరాను మళ్లీ కుర్చీలో పెట్టి మొహం తుడుచుకుంటుంటే, నేను ఆ బొట్టును గోటితో గీకి తీసేశాను.

అంటించినప్పుడు తెలియదు, నిజమే. మరి తీసేటప్పుడు? ఏమీ తెలియకపోతే ఎవరూ చూడకుండా ఎందుకు తీశాను? పాలు ఒలికితే కోడల్ని, బల్బు ఆర్పకపోతే మనవళ్లని నిలబెట్టి దులిపేసేదాన్ని. నా తప్పు ఒప్పుకుంటే రేపటి నుంచి ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారన్న భయమే కదా నా నోరు నొక్కింది?

ఆ తర్వాత అతన్ని పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. ఫోటోలు మానేసి నరసరావుపేటలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు చిన్న మనవరాలికి పెళ్లి కుదిరింది. "కెమెరా ఒకటే మంచిదైతే చాలదమ్మా, పట్టినోడికి పని రావాల. మస్తాను లాంటోడు మాత్రం వద్దు," అన్నాడు మావాడు. నేను కంచం పక్కకు జరిపి ఈ కాగితం తీశాను.

ఇంతవరకు నిన్న సాయంత్రం రాశాను.

ఈ పొద్దున మావాడికి అంతా చెప్పాను. వాడు నన్ను చూసి పెరట్లోకి వెళ్లిపోయాడు. బస్సెక్కి నరసరావుపేట వెళ్లాను. కొట్టు ముందు నిలబడే మస్తానుకు చెప్పాను. చేతిలో పని ఆపి, చివరిదాకా విన్నాడు. కూర్చోమనలేదు. ఇంతలో ఎవరో వస్తే వాళ్ల ఫోను అందుకుని, అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను బస్టాండుకు నడిచాను.