బీగం బయట ఎందుకేసినావు

మంగళవారం పొద్దున మా అక్క పోయింది. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయిందని లారీ డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. తోడబుట్టిన అక్క కాదు. తిరుపతిలో ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే చిన్న కంపెనీ ఆమెది. రెండు లారీలు, ఒక గోడౌను, తొమ్మిదిమంది హమాలీలు. అక్కడ పద్నాలుగేళ్లుగా బుకింగులూ కొనుగోళ్లూ చూస్తున్నది నేను. ఆమె దగ్గర పనిచేసిన అందరికీ ఆమె అక్కే.

తొమ్మిదింటికల్లా మా లైను వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టారు. కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ‘మానవతామూర్తి’ అని రాశాడొకాయన. నాలుగేళ్ల కిందట ఇదే గ్రూపులోంచి ఆమెను తీసేసింది ఆయనే. అది చదివాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఆరకముందే ఇది రాస్తున్నాను. ఎక్కడైనా మర్యాద తప్పితే తప్పనివ్వండి.

భర్త పోయాక ఆయన నడిపిన లారీని అమ్మకుండా తనే క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్న మనిషి. టీ ఎప్పుడూ నిలబడే తాగేది. ఏ ఇంటికి సామాను దించడానికి పోయినా, ఆ ఇంటివాళ్లను ముందు మంచినీళ్లు అడిగేది, తనకు కాదు, మోసేవాళ్లకు. కొత్త హమాలీ వస్తే మొదటి ప్రశ్న ఒకటే: ‘నీ ఆధార్ కార్డు యాడుండాది?’ చూసి, మళ్లీ వాడి జేబులోనే పెట్టించేది. పారిపోకుండా కార్డులు యజమాని దగ్గర పెట్టుకోవడం మా లైనులో అలవాటే. కొత్తలో నేనూ నలుగురి కార్డులు నా సొరుగులో పెట్టాను. అక్క వాటిని తీసి ఎవరివి వాళ్లకిచ్చేసి, నా వైపు తిరిగింది.

“మనిసి కార్డు నీ సొరుగులో ఉంటే మనిసి కూడా నీ సొరుగులో ఉన్నట్టే అబ్బా.”

అద్దాలూ టీవీలూ ప్యాక్ చేయడానికి మాకు చెక్కపెట్టెలు కావాలి. వడమాలపేట దాటాక ఒక పెట్టెల షెడ్డును నేనే వెతికి పట్టుకున్నాను. అందరికంటే తక్కువ ధర. అంత చౌకగా ఎట్లా ఇస్తాడని అక్క రెండుసార్లు అడిగింది. పెద్ద వ్యాపారం, వాడికి గిట్టుబాటవుతుందిలే అన్నాను. నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఒకరోజు పెట్టెలు దించుతున్న మనిషి ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంది. అక్క ఆ గుడ్డ విప్పించింది. రంపం కింద పడి రెండు వేళ్ల చివరలు లేవు. చెయ్యి వాచిపోయింది. ఆసుపత్రికి పోదాం, కార్డు తీసుకో అంటే, ఆ మనిషి అక్క వైపు కాక వెంట వచ్చిన సూపర్‌వైజర్ వైపు చూశాడు. కార్డులు మా ఓనరు దగ్గర భద్రంగా ఉన్నాయన్నాడు సూపర్‌వైజర్. అక్క అతణ్ణి టీకి పంపించి, ఈ మనిషిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి మెల్లగా అడిగింది.

సూళ్లూరుపేట పక్క పల్లె. భార్య ఆపరేషన్‌కని అడ్వాన్సు తీసుకుని ఇద్దరూ షెడ్డులో చేరారు. మూడేళ్లయింది. బయటికి పోనివ్వరు. అతను ఒక్కమాట చెప్పాడు, అది ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“మా యమ్మ సచ్చిపోతే నన్నొక్కణ్ణే పంపినారమ్మా. నేను తిరిగొచ్చేదాకా నా పెండ్లాన్ని ఈడనే పెట్టుకున్నారు.”

కట్టు కట్టించాక ఇక్కడే ఉండిపొమ్మంది అక్క. అతను ఉండలేదు. లోపల భార్య ఉందిగా.

మర్నాడు మధ్యాహ్నం అక్కా నేనూ ఆ షెడ్డుకు పోయాం. రేకుల గేటు. లోపల రంపాల చప్పుడు. బయట తాళం. కాసేపటికి ఓనరు బండి మీద వచ్చాడు.

“బీగం బయట ఎందుకేసినావు?” అంది అక్క.

“దొంగల భయమక్కా.”

“దొంగల భయమైతే బీగంచెవి లోపలోళ్ల దగ్గరుండాల. నీ మొలతాడుకుండాదే?”

అతను నవ్వి, నువ్వైనా చెప్పన్నట్టు నా వైపు చూశాడు. తిరిగొచ్చేటప్పుడు నేను నిజంగానే చెప్పాను: మనకెందుకక్కా, పెట్టెలు వేరేచోట కొందాం అని. అక్క తిరుపతికొచ్చి గోడౌనులో దిగాక అంది:

“వేరే సోట కొంటే మన పెట్టెలు మారతాయి. ఆడి బీగం మారతాదా?”

కలెక్టరుకు అర్జీ తన చేత్తోనే రాసింది. విచారణకు వస్తున్నారని షెడ్డు ఓనరుకు ముందే ఎవరో చెప్పారు. మేము పోయేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వచ్చిన అధికారులకు కొబ్బరిబొండాలు కొట్టించాడు. పనివాళ్లను ఎండలో వరసగా నిలబెట్టి అతని ముందే అడిగారు. మా ఇష్టంతోనే ఉన్నామని ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు, వేళ్లు తెగిన మనిషితో సహా. ఆ వరసలో ఒక్క ఆడమనిషి మాత్రం నేర్పిన మాట చెప్పలేదు. నోరు విప్పకుండా అక్కనే చూస్తూ నిలబడింది. కాగితంలో ఆమె పేరు పక్కన కూడా ‘ఇష్టపూర్వకంగా’ అనే రాసుకుని పోయారు.

ఆ తర్వాత పదకొండు సోమవారాలు, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజున, అక్క అర్జీ పట్టుకుని నిలబడింది. ఆఖరికి కొత్తగా వచ్చిన ఒక అధికారిణి ఎవరికీ చెప్పకుండా పోయి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగింది. నాలుగు కుటుంబాలకు వెట్టి నుంచి విడుదల పత్రాలు వచ్చాయి. కానీ షెడ్డులో ఉండింది ఆరు కుటుంబాలు. రెంటిని అంతకుముందే లారీలో ఎక్కించి ఎక్కడికో తోలేశారు. మాట్లాడని ఆ ఆడమనిషి కుటుంబం అందులో ఒకటి.

వ్యాపారులు అక్కను వెలివేశారు. మాకు పెట్టెలు అమ్మేవాళ్లు లేకుండా చేశారు. ఉన్న మూడు లారీల్లో ఒకటి అమ్మేశాం. షెడ్డు ఓనరు మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. బావమరిది పేరుతో ఇంకోచోట షెడ్డు పెట్టాడు, అది కూడా నడుస్తూనే ఉంది. మంగళవారం దండం బొమ్మలు పెట్టినవాళ్లలో సగంమంది ఈరోజుకీ అక్కడే పెట్టెలు కొంటున్నారు. మానవతామూర్తి అట.

వేళ్లు తెగిన మనిషి భార్యతో వచ్చి మా గోడౌనులోనే ఏడు నెలలు పెట్టెలు చేశాడు. ఒక శుక్రవారం లెక్క చూసుకుని, రేపట్నించి రానని చెప్పి ఊరికి పోయాడు. ఇంత చేస్తే వాడికి విశ్వాసం లేదని నేను విసుక్కున్నాను. అక్క మాత్రం పండగొచ్చినట్టు నవ్వింది.

“పోవాలనుకున్నాడు, పోయినాడు. కూలోడంటే అట్లుండాలబ్బా.”

విశ్వాసం అనే ఆ మాట నా నోట ఎందుకొచ్చిందా అని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మిగిలిన రెండు కుటుంబాల కోసం ఆమె వెతకడం మానలేదు. లారీ ఏ దారిన పోయినా ఇటుకబట్టీ కనిపిస్తే ఆపించేది. పోయిన నెల చిత్తూరుకు సామాను తీసుకుపోతూ పూతలపట్టు కూడలిలో ఆగాం. పక్కన కూలీల ట్రాక్టరు ఆగి ఉంది. అక్క మోకాళ్లు పట్టుకుని దిగి, ట్రాలీ దగ్గరికి పోయి, ఒక్కొక్క ఆడమనిషినీ పేరూ ఊరూ అడగసాగింది. అవతల సామాను కోసం ఇంటివాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ట్రాక్టరు కదిలింది. అక్క ట్రాలీ అంచు వదల్లేదు. రెండో చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఆ దుమ్ములో పక్కనే నడుస్తోంది. చివర కూర్చున్న ఒకామె ఎండకు ముఖమంతా కొంగు చుట్టుకుని ఉంది. అది ఒక్కసారి తియ్యమ్మా అని చేత్తో సైగ చేస్తోంది అక్క. నేను డ్రైవర్ మీదుగా వంగి, ఇక వచ్చెయ్యమని హారన్ కొడుతూనే ఉన్నాను.