అమ్మ నుదుట చెరిపేసిన బొట్టు

ఆ చిత్రకారుడంటే మా జిల్లాలో పెద్దలందరికీ గౌరవం. మంత్రుల ముఖాలు, కలెక్టర్ల ముఖాలు గీసిన చెయ్యి మరి. నాకు మాత్రం ఆయన పేరు వింటే ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ మండుతోంది, దాచుకోను.

మా అమ్మ చీపురుపల్లి సంతలో ఎండుచేపలు అమ్మేది. ఆయన అక్కడే చూసి, బొమ్మ గీస్తాను కూర్చోమన్నాడు. అమ్మ మురిసిపోయింది. మొహం కడుక్కుని, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని, ముక్కుపుడకలు సరిచేసుకుని మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుంది. మిగతాది ఇంటి దగ్గర పూర్తి చేస్తానని ఆయన వెళ్లిపోయాడు.

చేశాడు పూర్తి. బొట్టు చెరిపేశాడు, పుడకలు తీసేశాడు, మెడ బోసి చేశాడు. వెనకాల ఖాళీ పడవ ఒకటి గీసి, 'కడలి మింగిన కాపురం' అని పేరు పెట్టాడు. బొమ్మకి బహుమతి వచ్చి పేపర్లో పడింది.

అప్పుడు నాన్న సముద్రం మీద చేపల వేటలో ఉన్నాడు. మగవాడు సముద్రం మీద ఉంటే మా పేటలో ఆడవాళ్లు నుదుట బొట్టు చెరగనివ్వరు. పేపరు చూసిన చుట్టాలు ఏడుస్తూ ఇంటికి వచ్చేశారు. నాన్న క్షేమంగా తిరిగొచ్చాక కూడా నోళ్లు మూతపడలేదు. వల ఖాళీగా వచ్చిన ప్రతిసారీ పేట పెద్దలు అమ్మనే అన్నారు. "బొమ్మ మోజులో, మొగుడు బతికుండగానే బొట్టు సెరిపించుకున్నాది," అని. అమ్మ సంతకి పోవడం మానేసి మూల కూర్చుంది.

నేను ఊరుకోలేదు. ఆయనకి విజయనగరంలో సన్మానమని తెలిసి అమ్మనీ నాన్ననీ బస్సెక్కించాను. ఆ మాటలన్న పెద్దల్ని కూడా లాక్కుపోయాను. వేదిక మీద ఆ బొమ్మే పెట్టారు. ఆయన గొంతు వణికించుకుంటూ ఆ వితంతువు దుఃఖం గురించి చెబుతుంటే నాన్నని మైకు దగ్గరికి తోశాను.

"నానే బాబూ, ఆ సచ్చిపోయినోడ్ని," అన్నాడు నాన్న.

హాలంతా గొల్లున నవ్వింది. చిత్రకారుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, జనం ఇంకాసేపు నవ్వితే బాగుండుననిపించింది.

"బొట్టు నేనే చెరిపానమ్మా. అది కళ, నా ఊహ. క్షమించు," అంటూ ఆయన, నాన్న వెనకే వచ్చిన అమ్మకి దండం పెట్టాడు. మా పేట పెద్దలు తలలు దించుకున్నారు.

ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఆయన భార్యని చూపించింది అమ్మ.

"ఆ యమ్మని కూకోబెట్టి ఇలాగే గీయి బాబూ. మీ ఇంట్లో తగిలించు. అప్పుడు సూడ్డానికి వస్తాను."

ఆవిడ చెయ్యి గబుక్కున మెడలో సూత్రాల మీదికి పోయింది.