సంచిలో పట్టే దుర్భిణి

ఆ రోజుల్లో మా వైపు ఆకాశం చాలా బాగుండేది. పొద్దు గూకితే బస్సులు నడిచేవి కావు. దుకాణాలు మూసేవాళ్ళు, ఇళ్ళలో దీపాలు తొందరగా ఆర్పేవాళ్ళు. పోలీసులంటే కొందరికి భయం, అడవిలో ఉండే అన్నలంటే కొందరికి భయం, ఇద్దరన్నా భయం చాలామందికి. జగిత్యాలలో నేను అద్దెకున్న ఇంటి డాబా మీద పడుకుంటే, ఆ చీకటికి నక్షత్రాలు బాగా కిందికి దిగినట్టుండేవి. కళ్ళు మూసుకున్నా కాసేపు కనిపించేవి.

మా దొరల గడి ఖాళీ అయి అప్పటికి కొన్నేళ్ళయింది. భూముల్లో రైతుకూలీ సంఘం వాళ్ళు ఎర్రజెండాలు పాతారు. నాన్న పోయాక నేను జగిత్యాల వచ్చి ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. గడి నుంచి తెచ్చుకున్నది నాన్న కెమెరా ఒక్కటే. నాన్న మేడ మీద పెట్టుకున్న ఇత్తడి దుర్భిణి ఎవరింటికి చేరిందో నేను అడగలేదు. అడగడం మా ఇంటి అలవాటు కాదు. కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చోవడం, ఎవరి ముందూ తల వంచకపోవడం మాకు అక్షరాల కన్నా ముందు నేర్పారు.

చంద్రుణ్ణి నా చేత్తో ఫోటో తీయాలని ఉండేది. అందుకొక దుర్భిణి కావాలి. విచారిస్తే రెండు ఉన్నాయని తేలింది. ఒకటి కోరుట్లలో, నాకు చదువు చెప్పిన హెడ్మాస్టరు గారిది. రెండోది సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఒక మేస్త్రీ సొంతంగా చేసింది. మేస్త్రీది మా ఊరే. వాళ్ళ నాయన మా గడికి బట్టలు నేసి తెచ్చేవాడు. అందుకే నేను ముందు కోరుట్ల వెళ్ళాను. కోరుట్లతోనే సరిపెట్టాలనుకున్నాను.

హెడ్మాస్టరు గారి దుర్భిణి దాదాపు నా ఎత్తు ఉంది. ఎత్తయిన కర్రకాళ్ళ మీద నిలబెట్టారు. పున్నమి చంద్రుడు అప్పుడే తూర్పున లేస్తున్నాడు కనుక నిలబడే, మెడ నిటారుగా పెట్టి చూశాను. అద్దం చాలా స్వచ్ఛమైనది. కడిగిన వెండిగిన్నెలా ఉన్నాడు చంద్రుడు. కెమెరా కట్టి ఒక రీలంతా తీసి, మర్నాడు అక్కడి స్టూడియోలో కడగడానికి ఇచ్చాను.

"ఏం పడలే పంతులమ్మా. రీలంత ఖాళీనే ఉన్నది," అన్నాడు స్టూడియో ఆయన.

నల్లటి ఆకాశం నెగెటివులో ఖాళీగానే ఉంటుంది. ఏ ఫోటో ఎక్కడ మొదలయిందో తెలియక ఆయన అందాజుగా ముక్కలు కోశాడు. వెలుతురుకు పట్టుకుని చూస్తే ఒక ముక్క చివర సగం చంద్రుడు, ఇంకో ముక్క మొదట మిగతా సగం.

"చంద్రుణ్ణి నడుమల కోసినవు గదయ్యా."

"గా మచ్చనా? నేను మరకనుకున్న," అన్నాడాయన ఏ బాధా లేకుండా.

మిగిలినవాటిలో కూడా చంద్రుడు అలికినట్టే ఉన్నాడు. గాలి కాస్త కదిలినా ఆ పొడుగు గొట్టం ఊగింది. అయినా దాని మీద ఆశ వదల్లేదు. ఇంటికి పట్టుకెళ్తానంటే హెడ్మాస్టరు గారు నవ్వారు.

"గింత పొడుగు గొట్టం గోనెసంచిల చుట్టుకొని బస్సెక్కుతవా బిడ్డా? పోలీసోళ్ళు చూస్తె తుపాకంటరు. అన్నలు చూస్తె వాళ్ళూ గదే అంటరు. ఇద్దరికి ఎవ్వలు జవాబు చెప్తరు?"

అలా మాఘ శుద్ధ అష్టమి నాటి మధ్యాహ్నం సిరిసిల్ల బస్సెక్కాను.

మేస్త్రీ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. దొరసాని అనలేదు, పంతులమ్మా అన్నాడు. అతని దుర్భిణి మూరెడు కన్నా కాస్త పొడుగు. ముందు అద్దం మూడు వేళ్ళ వెడల్పు. భివండీ మగ్గాల్లో పనిచేసినప్పుడు బొంబాయి పాత సామాన్ల బజార్లో ఆ అద్దం దొరికిందట. గొట్టం ఇక్కడే లేతు మిషను మీద తిప్పించాడు. బట్టల సంచిలో చీరల మధ్య పెడితే ఎవరికీ కనపడదు. అక్కడే ఉంటే అతనికి రుణపడిపోతానేమో అనిపించి, తీసుకుంటానని వెంటనే చెప్పేశాను.

"చూడకుండ ఇయ్యను పంతులమ్మా. ఒక సారు గట్లనే కొంచవోయి, ఏం కనవడుతలేదని తెచ్చి అరుగు మీద పడేసిండు. మీరు చూసి, మంచిగున్నదంటెనే."

"అయితే చూపెట్టు."

"ఇప్పుడు గాదు. సాంచాలు నడుస్తున్నయి గద, భూమి వణుకుతది. ఆరుకు కరెంటు పోతది, గప్పుడు."

ఇక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. చుట్టూ ఇళ్ళన్నిట్లో అవి ఆడుతున్నాయి. జగిత్యాలకు చివరి బస్సు ఆరు లోపలే. చూడకపోతే దుర్భిణి లేదు, చూస్తే ఈ రాత్రి ఈ ఇంట్లో పడుకోవాలి. మేస్త్రీ భార్య నూలు కండెలు చుడుతూ అంతా వింటోంది.

"బస్సు పోతే పోనియ్యిండ్రి. మా ఇంట్ల ఒక్క రాత్రి పండుకుంటే గడి తరుగుతదా?"

గడి అప్పటికే తరిగిపోయిందని ఆమెకు తెలుసు. నేను ఉండిపోయాను.

కరెంటు పోయింది. వాడ వాడంతా ఒక్కసారి ఆగింది. చప్పుడు ఆగాక కూడా కాసేపు పాదాల కింద అది ఆడుతూనే ఉంది. అంతసేపూ గాలిలో తేలుతున్న నూలుపొట్టు నెమ్మదిగా దిగసాగింది. వాకిట్లో, చివరి వెలుతురులో, మా తలల మీద, తులసికోట మీద, ఎక్కడా తొందర లేకుండా రాలుతోంది. నేను ఎందుకు వచ్చానో కూడా క్షణంసేపు మరిచిపోయాను.

అష్టమి చంద్రుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. మేస్త్రీ పొట్టి మూడుకాళ్ళ మీద గొట్టాన్ని నిలువుగా పెట్టి, కింద గోనెపట్టా పరిచాడు. తాను కూర్చుని, తల వెనక్కి వాల్చి, కింది నుంచి కన్ను పెట్టి సరిచేశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"గిట్ల కింద కూసోవాలె."

"స్టూలు మీద పెట్టరాదా?"

"పెడితె కదులుతది. భూమ్మీదనైతెనే నిలుస్తది."

నేను నిలబడే ఉన్నాను. మా గడి వరండా గుర్తొచ్చింది. ఇతని నాయన నేల మీద కూర్చుని, ఒళ్ళో బట్టల మూట విప్పి, ఒక్కో చీర అంచూ పైకెత్తి చూపించేవాడు. నాకు కాళ్ళు నేలకు అందని వయసు. కుర్చీలో కూర్చుని కిందికి చూసేదాన్ని.

"మా మామ మీ గడిల గట్లనే కూసుండి బట్ట చూపెట్టేటోడట," అంది మేస్త్రీ భార్య, నా మనసులోకి తొంగి చూసినట్టు.

"నువ్వు ఊకో," అన్నాడు మేస్త్రీ.

"నేనేమన్న? కరెంటు మల్ల అచ్చిందంటె ఇగ ఏం కనవడదని చెప్తున్న."

నేను ముందు గొంతుక్కూర్చున్నాను. చాలలేదు. పట్టా మీద చతికిలబడి, ఒక చెయ్యి నేలకు ఆనించి, మెడ వెనక్కి వంచి, గొట్టం కింద తల పెట్టాను. జుట్టు మట్టికి తగిలింది.

మొదట ఉత్త వెలుతురు. తర్వాత అది గట్టిపడి నేల అయింది. దుమ్ములో తొలి వాన చినుకులు పడితే ఏర్పడే గుంటలు, ఒకదానిలో ఒకటి. వెలుగు ఆగిపోయే చోట, నల్లటి భాగంలోకి కొంచెం దూరంగా ఒకటి రెండు మెరుపు చుక్కలు ఉన్నాయి. ఎండ ఇంకా కిందికి దిగని కొండల కొసలు అవి. అక్కడ ఇప్పుడు తెల్లవారుతోందని నాకు పాఠంగా తెలుసు. చూడటం అదే మొదటిసారి. చంద్రుడి అంచుకు సన్నగా ఊదారంగు అంటుకుని ఉంది. కోరుట్ల అద్దంలో ఆ దోషం లేదు. కానీ ఈ చంద్రుడు కదలకుండా ఉన్నాడు. ఎంతసేపు చూశానో తెలియదు.

"అంచుకు రంగు గొడ్తది," అన్నాడు మేస్త్రీ. "గొట్టం పొట్టిగున్నది గద. గది తప్పే. ముందుగాలనే చెప్తున్న."

"కనవడ్డది," అన్నాను. "కెమెరా దీనికి ఎట్ల తగిలిస్తరు?"

"రింగు చేసిస్త. కెమెరా నా దగ్గర రెండ్రోజులు ఉండాలె."

నాన్న కెమెరా సంచిలోంచి తీసి, కన్ను గొట్టం దగ్గరే ఉంచి, చేయి చాచి ఇచ్చాను.

కరెంటు వచ్చింది. ఒక ఇంట్లో ఒక సాంచె, పక్కింట్లో రెండు, ఆ పైన అన్నీ. నీళ్ళలో రాయి పడ్డట్టు చంద్రుడు చెదిరిపోయాడు. మేస్త్రీ అద్దానికి మూత పెట్టాడు కానీ గొట్టం నా చేతికివ్వలేదు. అడగాల్సిన మాట ఇంకా ఉన్నట్టు నిలబడ్డాడు.

"ఎట్లున్నది మరి?"

కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. కిందనుంచే అతని వైపు తలెత్తి చెప్పాను.

"మంచిగున్నది."