బోణీ అయ్యేదాకా

మొన్న బుధవారం పొద్దున్న పప్పు కడుగుతుంటే ఫోను మోగింది. నెల్లిమర్ల నుంచి పైడమ్మ. "అక్కా, మేడమ్ గారు పోనారు. తెల్లారగట్ల నిద్దట్లోనేట. మీకు సెప్పీవోలు ఉన్నారో లేరో అని నానే సేసినాను" అంది. తొంభై దాటిన మనిషి, ఒకరి చేత చేయించుకోకుండా పోయారు, అదృష్టవంతురాలు అని ఆ రోజు చాలామంది నాతో అన్నారు. వాళ్ళ మాట కాదనలేక తల ఊపాను గానీ, ఆవిడ పక్కన అదృష్టం అన్న మాట పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరవైల చివర విజయనగరంలో నేను చదివిన ఆడపిల్లల కాలేజీలో ఆవిడ మాకు చరిత్ర చెప్పేవారు. ఆవిడా మేమూ ఉండేది ఒకే వీధి. వాళ్ళ అన్నగారిది బెల్లం, నూనెల కొట్టు. కింద ముందువైపు కొట్టు, వెనక వంటిల్లు, పైన మేడ. మేడమ్ గారికి పదిహేనేళ్ళు నిండకుండానే భర్త పోయి పుట్టింటికి వచ్చేశారు. మూల కూర్చోబెట్టమని చుట్టాలంతా అంటే, కాదని చదివించింది ఆ అన్నగారే. ఇంటికి పంతుళ్ళను పిలిపించాడు. వాల్తేరులో పరీక్షలకు తనే వెంటబెట్టుకుని వెళ్ళి, హాలు బయట గొడుగు వేసుకుని కూర్చున్నాడు. చెల్లెలు లెక్చరరు అయితే వీధంతా మిఠాయి పంచాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే మేడమ్ గారికి పని సులువయ్యేది.

క్లాసులో ఆవిడ సగం పాఠం నోటితో, సగం సుద్దముక్కతో చెప్పేవారు. కోట గురించి చెబుతూ చెబుతూ బోర్డు మీద కోట కట్టేసేవారు. మమ్మల్ని గీయమంటే మాకు వంకరటింకరగా వచ్చేది. "సరిగ్గా రాకపోతే పోనీవే, ముందు నీదిగా రానీ" అనేవారు. ఆ మాట తర్వాత నేను మా పిల్లలకు చెప్పాను, మనవలకూ చెప్పాను, వాళ్ళు విన్నారని అనుకోను.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొట్టు తెరిచాక మొదటి బేరం, అదే బోణీ, అయ్యేదాకా మేడమ్ గారు గడప దాటకూడదు. భర్తలేని మనిషి ఎదురొస్తే ఆ రోజు వ్యాపారం సాగదని వాళ్ళ నమ్మకం. ఇంటికి ఇంకో దారి లేదు, కొట్టు పక్క సందులోంచే రావాలి. అంతమంది పిల్లలకు పాఠం చెప్పే మనిషి పుస్తకాలు పట్టుకుని సందు తలుపు వెనక నిలబడేది. బోణీ అవగానే గుమస్తా "అయిందండోయ్" అని లోపలికి కేక వేసేవాడు. అప్పుడు తలుపు తెరుచుకునేది. ఇదంతా ఎవరికీ వింతగా ఉండేది కాదు. మా ఇంట్లోనూ వ్యాపారమే కాబట్టి నాకూ ఉండేది కాదు, సిగ్గుపడాల్సిన సంగతే.

కాలేజీలకు జాతీయ సేవ అని కొత్తగా వచ్చింది అప్పుడే. మగపిల్లల కాలేజీవాళ్ళు రోడ్లు వేస్తామన్నారు, చెరువు తవ్వుతామన్నారు. మా ప్రిన్సిపాల్ గారికి ఏం చేయించాలో తోచలేదు. ఈ పని నెత్తిన వేసుకోవడానికి ఏ లెక్చరరూ ముందుకు రాలేదు. మేడమ్ గారు లేచి, నెల్లిమర్లలో గోనె మిల్లు కూలీల ఇళ్ళ దగ్గర ఎదిగిన పిల్లలు చాలామంది ఉన్నారనీ, ఆదివారాలు మమ్మల్ని వెంటబెట్టుకెళ్ళి వాళ్ళతో బొమ్మలు వేయిస్తాననీ, పాటలు కట్టిస్తాననీ చెప్పారు. స్టాఫ్ రూంలో నవ్వారు. "బొమ్మలు గీయడం సేవేటండీ, అన్నం పెడతాదా?" అని లెక్కల మేడమ్ అడిగారు. "పెట్టదు. ఆకలేసినప్పుడు ఏడవకుండా ఉండటానికి పనికొస్తుంది" అన్నారావిడ. ప్రభుత్వం వారి పని అన్నాక అన్నగారూ కాదనలేకపోయారు.

మిగతా రోజుల్లో బోణీ కాలేజీ వేళకు ముందే అయిపోయేది. ఆదివారం పొద్దున్న మాత్రం బేరాలు మందకొడి. మా బస్సేమో పెందరాళే. మొదటి ఆదివారం ఆ బస్సు తప్పిపోయింది. రెండో ఆదివారానికి నాకు బుర్ర వెలిగింది. కొట్టు పలకలు తీస్తుండగానే వెళ్ళి, "బాబాయిగారూ, బెల్లం" అని నిలబడ్డాను. బోణీ నాదే. గుమస్తా కేక, సందు తలుపు, మేడమ్ గారు, రిక్షా, బస్సు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. ఆ బెల్లం ముక్క బస్సులోనే తునకలు చేసుకుని తినేవాళ్ళం. ఆవిడ మమ్మల్ని బయటి లోకానికి తీసుకెళ్తున్నారని మా ఇళ్ళలో అనుకునేవారు. నిజానికి మేమే ఆవిడను తీసుకెళ్ళేవాళ్ళం.

నెల్లిమర్లలో చిరుగు పట్టిన గోనె పట్టాలు ఎవరింట చూసినా ఉండేవి. వాటికి చింతపిక్కల జిగురులో సున్నం కలిపి పూసి, ఎండబెట్టి, వాటి మీదే బొమ్మలు. ఎర్రమట్టి, దీపం మసి, పసుపు, బట్టలకు పెట్టే నీలిమందు, ఇవే మా రంగులు. ఎంత పూసినా గోనె తాగేసేది. ఏం గీయాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. "నిన్న ఏం చూశావు?" అని అడిగేవారు. ఒకడు వాళ్ళమ్మ చేతులు గీశాడు. ఇంకొకడు వారం వారం ఒక మూసిన తలుపే గీసేవాడు. మేం నవ్వితే ఆవిడ మమ్మల్ని కసిరి, వాడి పక్కన కూర్చుని, "గడియ ఏ వైపుందిరా?" అని అడిగారు. వాడు ఆలోచించి, "అవతలి పక్కనండి" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఆ బొమ్మ వంకే చూస్తూ ఉండిపోయారు.

మొదట్లో ఆవిడ అక్కడికి కూడా వెనక దారినే, డ్యూటీ మార్పు వేళ దాటాకే వచ్చేవారు. పనికెళ్ళేవాళ్ళకు ఎదురు రాకూడదని. మిల్లు పిల్లల్లో ఒకతి పైడమ్మ. వాళ్ళమ్మ కనిపెట్టి అడిగింది. ఆవిడ దాచకుండా చెప్పారు. "మాకూ పట్టింపులు ఉన్నాయమ్మా, లేవని సెప్పను. గానీ మా పిల్లల కోసం వొచ్చీవోలు దొంగలాగ ఎనకనుంచి రావడం బాలేదు. ముందునుంచే రండి, ఏటవుద్దో సూద్దాం" అంది. ఏమీ అవలేదు. ఆ రోజు బస్సులో మేడమ్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకోవడం నేను చూశాను.

పైడమ్మకు అప్పుడు పదహారేళ్ళు. వాళ్ళ అమ్మమ్మ చంకన జముకు వాయిస్తూ జముకుల కథ పాడి చెప్పేదట. ఆ బాణీలో మిల్లు పిల్లలంతా కలిసి ఒక కథ కట్టారు. రాజులూ దేవుళ్ళూ లేరు, వాళ్ళ వీధిలో ఒక రోజు, అంతే. తెల్లారి మిల్లు కూత కూసిన దగ్గర్నుంచి మళ్ళీ పొద్దుగూకేదాకా. గోనె పట్టాలన్నీ కలిపి కుట్టి వెనక తెర చేశారు. ఆ సంగతి ఎలా పాకిందో, యూనివర్సిటీ నుంచి ఇద్దరు వచ్చి చూశారు. మేడమ్ గారిని వాల్తేరుకు శిక్షణకు రమ్మన్నారు. ఆ పైన జిల్లాలో కాలేజీలన్నిటా ఇలాంటి కార్యక్రమాలు ఆవిడే నడపాలి. ఉండటానికి అక్కడే ఒక గది ఇస్తారు. "ఒసే, నాకు వెళ్ళాలనుందే" అన్నారు నాతో. ఆవిడ నోట 'నాకు' అన్న మాట వినడం నాకదే మొదలు.

అన్నగారు ముందు ససేమిరా అన్నారు. చెల్లెల్ని ఇంట్లో పెట్టుకోలేకపోయాడని జనం అంటారన్నారు. మంచాన ఉన్న తల్లిని ఎవరు చూస్తారన్నారు. ప్రిన్సిపాల్ గారు ఇంటికొచ్చి అడిగాక సరేనన్నారు. ప్రయాణం రోజు పొద్దున్న రిక్షా సిద్ధంగా ఉంది. పెట్టె సర్దుకుని ఆవిడ సందు తలుపు వెనక నిలబడ్డారు. నేను అలవాటు ప్రకారం కొట్టు ముందుకు వెళ్ళి, "బాబాయిగారూ, బెల్లం" అన్నాను.

"ఇవాళ నీ బోణీ వొద్దమ్మా" అన్నారాయన.

"ఎప్పుడూ నేనే కదండీ."

"ఎప్పుడూ నువ్వేనని నాకు తెలీదనుకున్నావేటి? బస్సుకి ఇచ్చాను. రైలుకి ఇవ్వను."

గిన్నె పట్టుకుని ఎవరో ముసలావిడ నూనెకు వచ్చింది. నూనె ఇంకా దింపలేదు, తర్వాత రమ్మన్నారు. డబ్బా ఆయన మోకాలి పక్కనే ఉంది. బోణీ బేరాన్ని వెనక్కి పంపిన వ్యాపారిని నేను పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్కరోజే చూశాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

నేను సందులోకి పరుగెత్తాను. "మేడమ్, వచ్చెయ్యండి. ఒక్క అడుగే కదా, ఏమవుతుంది?" అన్నాను. ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. "ఏమీ కాదని నాకూ తెలుసే. కానీ రేపు అన్నయ్యకు తలనొప్పి వచ్చినా నా వల్లే అనుకుంటాడు. వాడు అనుకుంటే ఫరవాలేదు. నేనూ అనుకుంటాను. నాకు అక్షరం పెట్టించినవాడే" అన్నారు. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎవరి మీదా తోసెయ్యలేని కోపం అది. రిక్షావాడు బేరం పోతోందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. రైలు వేళ దాటిపోయాక గుమస్తా లోపలికి కేక వేశాడు, అయిందండోయ్ అని.

ఆ వారం నుంచి నెల్లిమర్ల ప్రయాణాలూ ఆగిపోయాయి. కాలేజీ వరకే అన్నారు అన్నగారు. జాతీయ సేవను లెక్కల మేడమ్‌కు అప్పగిస్తే ఆవిడ మా చేత మొక్కలు నాటించారు. తర్వాత తల్లి పోయింది, అన్నగారూ పోయారు, ఆవిడ రిటైరయ్యారు. కొట్టు మేనల్లుళ్ళ చేతికి వచ్చింది. నేను పెళ్ళయి గజపతినగరం వెళ్ళిపోయాను. ఎప్పుడైనా చూడటానికి వెళితే, కబుర్లన్నీ అయ్యాక, "గోనె మీద రంగు నిలబెట్టడం మనకు చివరిదాకా చేతకాలేదే" అనేవారు. వాల్తేరు ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు.

కానీ ఆవిడ పోయారని వినగానే నా కళ్ళ ముందు నిలబడింది ఆ పెట్టె కాదు, ఆ తలుపూ కాదు. ప్రయాణం ఆగిపోయిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, మా వీధిలోకి నెల్లిమర్ల పిల్లలంతా వచ్చారు. గోనె తెరను రెండు వెదురు గెడలకు కట్టి, మోసుకుంటూ వచ్చారు. సరిగ్గా కొట్టుకు ఎదురుగా దాన్ని నిలబెట్టారు. అన్నగారు గద్దె మీంచి, "ఎవర్రా మీరు, ఎవరు రమ్మన్నారు?" అని గద్దించారు. పైడమ్మ జముకు చంకన పెట్టుకుని ముందుకొచ్చి, "సేవకొచ్చినాం బావూ. మేడమ్ గారు మాకాడికి రాలేకపోతన్నారు గదా, మేవే రావాల" అంది. నెమ్మదిగానే అంది. అప్పటికే జనం మూగారు. అంతమందిలో ఆయన వాళ్ళను వెళ్ళగొట్టలేకపోయారు.

కథ మొదలైంది. పైడమ్మ గొంతు విని ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కూడా అరుగుల మీదకు వచ్చారు. కాసేపటికి ముందు వరసలో ఒకరు తలెత్తి పైకి చూశారు. తర్వాత ఇంకొకరు. కొట్టు పైన మేడగదికి వీధివైపు ఒక కిటికీ ఉంది, ఎప్పుడూ మూసే ఉండేది. దాని రెక్కలు తెరుచుకున్నాయి. లోపల చీకటిగా ఉండి మనిషి కనిపించలేదు. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి మాత్రం మోచేతి దాకా బయటికి వచ్చింది, గాజుల్లేని చెయ్యి. పైడమ్మ పాటకు ఆ చెయ్యి కిటికీ చెక్క మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత వీధి చివరిదాకా వినపడేలా. అది చూసి పైడమ్మ గొంతు ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అందుకుంది. మేమంతా తలలెత్తి ఆ చేతినే చూస్తున్నాం. సరిగ్గా దాని కింద, గద్దె మీద కూర్చున్న అన్నగారు, ఇంతమందీ తన నెత్తి మీదుగా ఏం చూస్తున్నారో తెలియక, ఒక్కొక్కరి ముఖం వంకా చూస్తున్నారు.